అన్న నోటుబుక్కు

అన్న పోయిన తొమ్మిదో రోజు, ఇంకా దినాలు కూడా కాలేదు, లారీ ఓనరు తరఫున నలుగురు పెద్దమనుషులు మా ఇంటికి వచ్చిండ్రు. "పోయినోడు ఎట్లాగూ రాడు బిడ్డా, రెండు లక్షలిప్పిస్తం, కేసు లేదని సంతకం పెట్టుండ్రి, కోర్టుల చుట్టూ తిరిగితే చెప్పులరుగుతయి" అన్నరు. అమ్మ వైపు చూసి, వదిన వైపు చూసి, చివరికి నా ముందు కాగితం పెట్టిండ్రు. నిజం చెప్తున్నా, ఆ రోజు సంతకం పెట్టేవాడినే. చేతిలో డబ్బుల్లేవు, ఆసుపత్రికి, అంబులెన్సుకు, దహనానికి చేసిన అప్పుంది. వదినే ఆపింది. "ఆయన రెండు లక్షల మనిషా?" అని ఒక్క మాట అని లోపలికి పోయింది. ఆ మాట పట్టుకొనే మేం కోర్టుదాకా పోయాం.

అన్నది కమలాపూర్ మండలంలో మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు కాలిపోతే రైతులు ట్రాలీలో వేసుకొని వచ్చేవాళ్లు, నాట్ల సీజన్లో రాత్రి పదకొండుకు కూడా షాపులో లైటు వెలిగేది. 2022 డిసెంబరులో హుజూరాబాద్ దాటినంక ఒక ఊళ్లో మోటారు బిగించి బైకు మీద తిరిగి వస్తుంటే, రోడ్డు మీదనే ఆపిపెట్టిన గ్రానైటు లారీని వెనుక నుంచి గుద్దుకున్నాడు. లారీకి ఇండికేటర్ లేదు, వెనుక రేడియం స్టిక్కర్ లేదు, కనీసం రోడ్డు మీద నాలుగు రాళ్లో చెట్టు కొమ్మలో పెట్టలేదు. అన్నకు అప్పుడు 34 ఏళ్లు.

మొదటి దెబ్బ ఎఫ్ఐఆర్‌లోనే పడింది. మా మామ ఏడుస్తూ స్టేషన్‌కు పోతే అక్కడ ఎవరో రాసిచ్చిన ఫిర్యాదు మీద చదవకుండానే సంతకం పెట్టిండు. అందులో అన్నే "అతివేగంగా, అజాగ్రత్తగా" వచ్చి ఆగి ఉన్న లారీని ఢీకొట్టినట్టు ఉంది. ఈ ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో తర్వాత అర్థమైంది. తప్పు చనిపోయినవాడిదే అయితే క్లెయిమే నిలబడదు, సగం తప్పంటే పరిహారంలో సగం కోస్తారు. మీ ఇంట్లో ఇట్లాంటిది జరగకూడదనే కోరుకుంటా, కానీ జరిగితే మాత్రం ఫిర్యాదును దుఃఖంలో లేని ఒక మనిషితో చదివించి, తర్వాతే సంతకం పెట్టండి.

మమ్మల్ని గట్టెక్కించింది ఒక ట్రాక్టరు డ్రైవరు ఫోనులో తీసిన మూడు ఫోటోలు. యాక్సిడెంటైన కాసేపటికే అటుగా వచ్చి తీసిండు. లారీ వెనుక భాగమంతా బురద కొట్టుకుపోయి, నంబరు కూడా సగమే కనిపిస్తది, చుట్టూ చీకటి, ఫ్లాష్ పడ్డంత మేరకే లారీ ఉన్నట్టు తెలుస్తది. ఆ ఊరికి నాలుగుసార్లు తిరిగి ఆయన్ను పట్టుకున్నా. ఆ ఫోటోలతో రాతపూర్వకంగా పిటిషన్ ఇచ్చినంక ఆయన స్టేట్‌మెంట్ రికార్డు చేసిండ్రు, చివరికి చార్జిషీటు లారీ డ్రైవరు మీద పడింది. ప్రమాదం జరిగేలా రోడ్డు మీద బండి ఆపొద్దని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్‌లోనే ఉంది. ఆగిన లారీకేం తప్పుంటుంది అని మా ఊళ్లో చదువుకున్నవాళ్లు కూడా నాతో వాదించిండ్రు, అందుకే రాస్తున్నా.

ఇంకొకటి, క్రిమినల్ కేసు వేరు, పరిహారం కేసు వేరు. డ్రైవరుకు శిక్ష పడ్డా పడకపోయినా క్లెయిము దాని దారిన అది నడుస్తది. 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేయాలి, డ్రైవరు, ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ ముగ్గురినీ చేర్చాలి. యాక్సిడెంటు కరీంనగర్ జిల్లాలో జరిగినా మేం ఉండే జిల్లాలోనే వేయొచ్చని వకీలు చెప్తే హనుమకొండలో వేసినం, లేకపోతే అమ్మను, వదినను ప్రతి వాయిదాకు ఎక్కడ తిప్పేవాళ్లం. యాక్సిడెంటైన రోజు నుంచి ఆరు నెలల్లోపే క్లెయిము వేయాలని 2022 ఏప్రిల్ 1 నుంచి కొత్త గడువు పెట్టిండ్రు, ఈ సంగతి మాకు ఐదో నెల దాకా తెలియదు. దినాలు, సంవత్సరీకం అనుకుంటూ కూర్చుంటే గడువు దాటిపోయేది.

వకీలు గురించి కూడా చెప్పాలి. పోస్టుమార్టం గది బయటే ఒకతను మా దగ్గరికొచ్చి "వచ్చిన దాంట్ల ముప్పై శాతం, చేతి నుంచి రూపాయి పెట్టే పని లేదు" అన్నడు. శవం ఇంకా లోపలే ఉంది. బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం వకీలు గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోకూడదు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తది, జిల్లా కోర్టులోనే ఆఫీసు ఉంటది. మా వదిన అట్లనే అప్లికేషన్ పెట్టుకుంది. వచ్చిన వకీలు మేడం చిన్న వయసామె, కానీ ఫైలు మొత్తం ఆమెకు నోటికొచ్చు.

మొదటిసారి కూర్చున్నప్పుడు ఆమె అడిగిన ప్రశ్న: "నెలకు ఎంత సంపాదించేవారు, రుజువేంటి?"

మా దగ్గర ఏముంది? జీతం స్లిప్పు లేదు, ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితం లేదు, బ్యాంకులో వచ్చిన డబ్బు వచ్చినట్టే వైరు కొనడానికి పోయేది. అప్పుడు వదిన షాపు తాళం తీసి నోటుబుక్కు తెచ్చింది. అట్ట ఊడిపోయి, ప్రతి పేజీ మీద వార్నిషు మరకలు, గ్రీజు వేలిముద్రలు. అన్న రాత గొలుసు గొలుసుగా ఉంటది. "5 హెచ్‌పీ, కొత్త వైండింగ్, బుష్‌లు, 4,500. బాకీ 1,500, పత్తి అమ్మినంక." అట్లా మూడేళ్ల లెక్క. కొన్నిచోట్ల బాకీ కొట్టేసి పక్కన "వద్దన్న" అని రాసి ఉంది, అంటే ఆ రైతు దగ్గర తీసుకోలేదన్నట్టు. ఆ పేజీల దగ్గర మేడం కాసేపు ఆగింది.

ఇన్సూరెన్స్ వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో వదినను గంటసేపు నిలబెట్టి ఎదురు ప్రశ్నలేసిండు. ఈ బుక్కు మీరే రాసుకొచ్చారన్నడు, నెలకు 8,000 కంటే ఎక్కువ రాదన్నడు. వదిన గొంతు వణికింది కానీ మాట మార్చలేదు. తర్వాత ఇద్దరు రైతులు పని మానుకొని వచ్చి, ఇగో ఇది నా మోటారే, ఇగో ఈ బాకీ నాదే అని పేజీ చూపించి సాక్ష్యం చెప్పిండ్రు. రాగి వైరు కొన్న బిల్లులు తేదీలతో సరిపోయినయి.

ఇప్పుడు ఆ 8,000కు, బుక్కు చూసి జడ్జి ఒప్పుకున్నదానికి తేడా ఎంతో చూడండి, ఎందుకంటే ఈ లెక్క గాలిలోది కాదు, సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో పెట్టిన పద్ధతి. జడ్జి నెలకు 15,000 ఒప్పుకున్నరు, ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకునే మనిషి, 40 ఏళ్ల లోపు, కాబట్టి ముందు ముందు సంపాదన పెరిగేదని 40 శాతం కలిపితే 2,52,000. ఆయన మీద ఆధారపడ్డది వదిన, ఇద్దరు పిల్లలు, అమ్మ, నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకు ఆ మొత్తాన్ని 16తో గుణిస్తరు. 30,24,000. ఇన్సూరెన్స్ వకీలు చెప్పిన 8,000తో ఇదే లెక్క కడితే 16,12,800. అంటే ఆ మరకల నోటుబుక్కు విలువ 14 లక్షల పైచిలుకు. ఇవి కాక భార్యకు, పిల్లలకు, తల్లికి మనిషి లేని లోటు కింద, అంత్యక్రియల కింద వేరే ఇస్తరు, పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కూడా.

మధ్యలో లోక్ అదాలత్‌లో 12 లక్షలకు ఒప్పుకోమన్నరు. అక్కడ రాజీ పడితే మళ్లీ అప్పీలు ఉండదు, అది తెలుసుకొని ఒప్పుకోవాలి. తొందరగా డబ్బు కావాల్సిన ఇల్లయితే నేను తప్పు పట్టను. మా అమ్మ ఒప్పుకుందామనే అన్నది. రోజూ షాపు ముందు నుంచి పోతూ ఆ మూసిన షట్టరు చూడలేక, ఎట్లనన్న ఇది అయిపోతే చాలనుకుంది. ఆమెను ఒప్పించడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

తీర్పు 2025 ఆగస్టులో వచ్చింది. లారీ డ్రైవరుదే తప్పని రాసిండ్రు. అన్న హెల్మెట్ పెట్టుకున్న సంగతి, ఫోటోల సంగతి పేరా నంబర్లతో సహా ఉన్నయి. పిల్లల వాటా మేజర్లయ్యేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్. అప్పీలుకు 90 రోజులుంటది, ఆ మూడు నెలలు ఫోను మోగితే చాలు టెన్షన్. కంపెనీ అప్పీలుకు పోలేదు, డబ్బు కోర్టులో కట్టింది. తెలిసినవాళ్లు కొందరు "లాభపడ్డరు" అన్నరు. ఆ మాట అన్నవాళ్లతో నేను ఇప్పటికీ మాట్లాడను.

నోటుబుక్కు ఇంకా కోర్టు ఫైల్లోనే ఉంది, ఎర్ర ఇంకుతో ఎగ్జిబిట్ నంబరు వేసి. చిన్నోడు ఈ మధ్య నాయిన రాత ఎట్లుంటదని అడిగిండట. వదిన ఫోన్ చేసి, బుక్కు వాపసు ఇస్తరా మరిదీ అన్నది. జిరాక్సులు పెట్టి పిటిషన్ వేస్తే ఇస్తరని మేడం చెప్పింది. పోయిన సోమవారం 96 పేజీలు జిరాక్స్ తీయించినం. చివరి రాత డిసెంబరుదే, ఏడున్నర హెచ్‌పీ మోటారు, వైరు ఎంత పట్టిందో రాసి ఉంది, రేటు రాయలేదు.