నాలుగున్నర వేల ఆంప్, నాలుగు రకాల రొద

దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ ఖాళీ చేసి ఊరెళ్ళిపోతున్న ఇంజినీరింగ్ కుర్రాడి దగ్గర ఈ గిటార్ ఆంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె, కొన్నాను. 30 వాట్లు, పది అంగుళాల స్పీకరు, గాజు ట్యూబులు లేకుండా ట్రాన్సిస్టర్లతో నడిచే సాలిడ్ స్టేట్ రకం. 4,500 రూపాయలు. అతని గదిలో వాయించి చూసినప్పుడు బాగానే ఉంది. పక్క గదిలో ఎవరో సినిమా పాటలు మోగిస్తున్నారు, పైన ఫ్యాను గరగరమంటోంది, కింద రోడ్డు మీద బస్సులు. అంత గోలలో ఆంప్ చేసే గోల వినపడలేదు. రాత్రి పదిన్నరకి ఇంట్లో ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తే గుయ్య్‌మని మొదలైంది. ఇంకా గిటార్ తగిలించనేలేదు.

మర్నాడు వెలుతురులో చూస్తే ముందు కంటపడింది ప్లగ్గు. వైరు మూడు తీగలది, ప్లగ్గు రెండు పిన్నులది! విప్పి చూస్తే ఆకుపచ్చ తీగని శుభ్రంగా కత్తిరించి టేపు చుట్టారు. కుర్రాడికి ఫోన్ చేస్తే, "అన్నా, ఎర్త్ తీసేస్తే సౌండ్ తగ్గిందన్నా, అందుకే తీసేసినా" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఆంప్‌కీ దానికి కలిపిన ఇంకో పరికరానికీ రెండు దారుల్లో ఎర్త్ అందితే ఆ చుట్టులో హమ్, అంటే కరెంటు రొద, పుడుతుంది, ఒక దారి కోసేస్తే తగ్గుతుంది. కానీ గిటార్ తీగలు వాటిని కింద పట్టి ఉంచే లోహపు బ్రిడ్జి ద్వారా, కేబుల్ ద్వారా ఆంప్ చాసిస్‌కి, అంటే లోపలి లోహపు చట్రానికి, కలిసి ఉంటాయి. లోపల ఎక్కడైనా 230 వోల్టులు చాసిస్‌కి తగిలితే, ఎర్త్ లేనప్పుడు అది పోయే దారి వాయించేవాడి వేళ్ళే. ఈ రొదంతా ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. మూడు పిన్నుల ప్లగ్గు బిగించాకే మిగతా పని అనుకున్నాను. తీరా బిగించాక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపిస్తే, నా గదిలో సాకెట్టుకి ఎర్త్ రంధ్రం ఉంది గానీ దాని వెనక తీగే లేదు. గీజరు బోర్డు నుంచి లాగి ఇచ్చాడు.

తీగ వచ్చాక గిటార్ తగిలించినప్పటి బరబర సగం తగ్గింది. మిగిలిన సగం నా గిటార్ మీది సింగిల్ కాయిల్ పికప్పులు (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే ఒంటి తీగచుట్టలు) పట్టుకొస్తున్నది. ఫ్యాను రెగ్యులేటర్ మూడు మీద ఉంటే బుర్రుమంటుంది, అయిదు మీద పెడితే దాదాపు పోతుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు అలని మధ్యలో కోసి కోసి పంపుతుంది కాబట్టి ఆ చప్పుడు గాల్లోంచే పికప్పులోకి వస్తుంది. అది ఆంప్ తప్పు కాదు. వాయించేటప్పుడు ఫ్యాను అయిదు మీదో, లేదంటే చెమటలోనో.

అసలు గుయ్ మాత్రం అలాగే ఉంది. ఇక్కడ నేను బుద్ధి తక్కువ పని చేశాను. వీడియోలు చూసి, గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీ ఆంప్ భాగంలోని 4558 ఐసీదే పాపమని తేల్చేసి, కొత్తది తెచ్చి మార్చాను. పాతది ఊడదీసేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనించడంతో ఒక కాలు కింద రాగి పట్టీ బోర్డు మీంచి లేచి వచ్చేసింది. చిన్న తీగ ముక్క వంతెనలా వేసి అతికించాను. స్విచ్చి వేశాను. అదే గుయ్.

అప్పుడు గానీ కూర్చుని ఆలోచించలేదు. మాస్టర్ వాల్యూమ్ సున్నాకి తిప్పినా ఆ శబ్దం ఇసుమంతైనా తగ్గడం లేదు. ప్రీ ఆంప్‌లో పుట్టిన చప్పుడైతే వాల్యూమ్‌తో పాటు పెరగాలి, తగ్గాలి. తగ్గడం లేదంటే అది వాల్యూమ్ తర్వాతి భాగంలో, అంటే స్పీకరుని నడిపే పవర్ ఆంప్‌లోనో, దానికి కరెంటిచ్చే సప్లైలోనో పుడుతోంది. ఈ ముక్క ముందే తడితే ఆ పట్టీ ఊడేది కాదు.

ఇంకో ఆధారం చెవికే దొరికింది. గిటార్ ఆరో తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జీ స్వరం 98 హెర్ట్జ్. నా ఆంప్ గుయ్ దానికంటే రవ్వంత పైన, ఇంచుమించు శ్రుతి కలిసినట్టే ఉంది. అంటే 100. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్త్ సమస్యైనా, గాల్లోంచి వచ్చే హమ్మైనా ముఖ్యంగా 50 దగ్గర ఉంటుంది, అదింకో స్థాయి కింద. సప్లైలో ఏసీని డీసీగా మార్చే డయోడ్ బ్రిడ్జి అలలో రెండు సగాల్నీ ఒకవైపుకే తిప్పుతుంది గనక దాని తర్వాత 100 అవుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళని చదును చేయాల్సిన పెద్ద కెపాసిటర్లు పని మానేస్తే వినపడేది సరిగ్గా ఇదే. నాలుగు రోజులుగా తంబురాలా శ్రుతి వేస్తూ రోగం పేరు అదే చెబుతోంది, నేనే వినలేదు.

వెనక పలక విప్పి, చాసిస్ బయటికి లాగి చూశాను. రెండు కెపాసిటర్లు, ఒక్కోటి 2200 మైక్రోఫారడ్లు, 50 వోల్టుల దాకా ఓర్చేది. పైన ఉబ్బలేదు. అడుగున గోధుమ రంగులో ఏదో కారినట్టుంటే దొరికిపోయావనుకున్నాను, గోటితో గీకితే అది బోర్డుకి అంటించిన జిగురు! కంటితో తేలేది కాదని మీటర్ తీశాను. సప్లైకి గ్రౌండ్‌కి పైన పాజిటివ్, కింద నెగెటివ్ అని రెండు వైపులు, ఒక్కో వైపుకి ఒక కెపాసిటర్. డీసీలో పాజిటివ్ వైపు 30, నెగెటివ్ వైపు 31 వోల్టులు, తేడా పెద్దగా లేదు. చదును కాని ఎగుడుదిగుళ్ళు ఏసీగా కనిపిస్తాయి గనక మీటర్‌ని ఏసీకి మార్చి అక్కడే పెడితే నెగెటివ్ వైపు 0.07, పాజిటివ్ వైపు 0.9. దొంగ దొరికాడు.

ముట్టుకునే ముందు ప్లగ్గు పీకేసి, లోపల నిలవున్న కరెంటు దిగిపోవడానికి 470 ఓమ్‌ల అయిదు వాట్ల రెసిస్టర్‌ని కెపాసిటర్ కాళ్ళకి ఆనించి, మీటర్‌లో సున్నా కనిపించేదాకా ఆగాను. స్క్రూడ్రైవర్‌తో టప్‌మనిపించేవాళ్ళని చూశాను. ఆ నిప్పురవ్వ చూడ్డానికి బాగుంటుంది, కెపాసిటర్‌కి మాత్రం మంచిది కాదు.

ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. కౌంటర్ వెనక పెద్దాయన ముందు 35 వోల్టులది తీసి ఇచ్చాడు. నా లెక్క వేరు. 230 దగ్గర 31 ఉంటే, మా కాలనీలో రాత్రిపూట కరెంటు 250కి పోయినప్పుడు ఇది 33 దాటుతుంది. 35 అంటే గోడ అంచున నడక. 50వే కావాలన్నాను. ఆయన మొహం కొంచెం మారింది, నేను పనిమంతుణ్ణనుకున్నాడు కాబోలు. "అయితే 105 డిగ్రీలది తీస్కో తమ్మీ, ఆంప్ లోపల వేడుంటది, 85ది తొందరగ ఎండిపోతది" అని వేరే డబ్బా తీశాడు. రెండూ మార్చేయమని కూడా ఆయనే చెప్పాడు. ఒకటి పోయిందంటే దాని జోడీది కూడా అదే వయసు కదా.

బిగించేటప్పుడు ఒక చోట చెయ్యి ఆగింది. నెగెటివ్ వైపు కెపాసిటర్‌కి ప్లస్ కాలు గ్రౌండ్‌కి పోవాలి. అలవాటు కొద్దీ మైనస్‌ని గ్రౌండ్‌లో పెట్టబోయి, ముందు తీసిన ఫోటో చూసుకుని తిప్పాను. తిరగేసి పెడితే అది పేలేది.

మొదటిసారి ఆన్ చేయడానికి ఒక ఫిలమెంట్ బల్బుని సిరీస్‌లో పెట్టాను. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి కరెంటుని తన మీదకి తీసుకుంటుంది, ఆంప్ మాడదు. ఈ ఎల్ఈడీల రోజుల్లో ఆ పాత బల్బు దొరకడమే గగనమైంది, అమ్మ పాత సామాన్ల అట్టపెట్టెలోంచి 60 వాట్లది తీసిచ్చింది. ఒక్కసారి భగ్గుమని వెలిగి, వెంటనే ఎర్రటి దారంలా తగ్గిపోయింది. బల్బు తీసేసి నేరుగా పెట్టాను. గుయ్ లేదు.

పెద్ద చప్పుడు పోయేసరికి దాని చాటున దాక్కున్న చిన్నవి బయటపడ్డాయి. వాల్యూమ్ తిప్పితే గరగర. ఆ గుండీ వెనకుండే తిరిగే రెసిస్టర్‌లోకి, అంటే పాట్‌లోకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఈ చివర నుంచి ఆ చివరకి ఓ ముప్పై సార్లు తిప్పితే నున్నగా అయింది. తుప్పు వదిలించే మామూలు స్ప్రే ఇంట్లో ఉంది గానీ కొట్టలేదు, దాని జిడ్డుకి దుమ్ము పట్టుకుంటుంది.

ఆఖరిదే విసిగించింది. పది నిమిషాలు వాయించాక శబ్దం గొంతు నొక్కినట్టు పడిపోయేది. పెట్టె మీద ఒక దెబ్బ వేస్తే తిరిగొచ్చేది. ఆన్‌లో ఉంచి, ట్రాన్స్‌ఫార్మర్ వైపు అట్టముక్క అడ్డం పెట్టి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, ఐస్‌క్రీమ్ పుల్లతో బోర్డంతా తట్టుకుంటూ పోయాను. ఇన్‌పుట్ జాక్ దగ్గర తట్టగానే టప్. భూతద్దంలో చూస్తే కాలు చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత గుండ్రటి పగులు. కేబుల్ పెట్టీ తీసీ కదిలిన కదలికంతా ఆ అతుకే మోసింది మరి. పాత సోల్డర్ పీల్చేసి కొత్తది వేశాను. అయినా ఒకసారి గొంతు పడింది! వెనక ఎఫెక్ట్స్ పరికరాలు కలపడానికి సెండ్, రిటర్న్ అని రెండు జాక్‌లుంటాయి, సెండ్ నుంచి రిటర్న్‌కి చిన్న కేబుల్ ఒకటి వేస్తే లేచి కూర్చుంది. ఆ రిటర్న్ జాక్‌లో ఏమీ గుచ్చనప్పుడు సిగ్నల్ లోపలి రేకు మీదుగా పోతుంది, వాడక ఆ రేకు నల్లబడింది. క్లీనర్ చుక్క వేసి పిన్ను ఇరవై సార్లు గుచ్చి తీశాను. ఆ తర్వాత రెండు నెలలైంది, పడిపోలేదు.

మొత్తం ఖర్చు నాలుగు వందల లోపు, అవసరం లేని ఆ ఐసీతో కలిపి. ప్రీ ఆంప్ ఎంత పెంచాలో చెప్పే గెయిన్ గుండీని నిండా తిప్పితే సుయ్ అని వస్తుంది, ఈ ధర ఆంప్‌కి అది ఉంటుంది. ట్రెబుల్ పాట్ మాత్రం ఎంత కడిగినా గరగరమంటూనే ఉంది, లోపలి కార్బన్ అరిగిపోయినట్టుంది. సరిపడే పొట్టి షాఫ్ట్‌ది గుజరాతీ గల్లీలో మూడు షాపుల్లో అడిగాను, లేదు. ప్రస్తుతానికి దాన్ని ఆరు మీద పెట్టి వదిలేశాను.