గరిక కోసం గుమ్మం దాటండి

వినాయక చవితి దగ్గరపడితే చాలు, బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. పత్రి ఏ యాప్‌లో ఉంది, ఎంత, ఎన్ని నిమిషాల్లో వస్తుంది అని. ముందురోజు రాత్రి పదకొండింటికి ఆర్డర్ పెడితే ప్లాస్టిక్ కవర్లో వడిలిపోయిన ఆకుల ముద్ద ఒకటి గుమ్మంలో పడుతుంది. పొద్దున్న ఫోన్లో పంతులుగారి వీడియో పెట్టుకుని, ఆయన "మాచీపత్రం పూజయామి, బృహతీపత్రం పూజయామి" అంటుంటే ఆ ముద్దలోంచి చేతికందింది తుంచి వేసెయ్యడమే. ఏది ములకో ఏది వావిలో అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

అసలు ఆ 21 పత్రాల లిస్టు ఒక్కసారి నింపాదిగా చదవండి. పెరట్లో దొరికేవి కొన్నే, తులసి, మామిడి, దానిమ్మ, జాజి, మరువం. ఉత్తరేణి కావాలంటే బీడులోకి దిగాలి, జిల్లేడుకి రోడ్డు పక్కకి పోవాలి, రావికి గుడి దగ్గరికి, వావిలికి వాగు గట్టుకి, మద్దికి ఏటి ఒడ్డుకి. దేవదారు మాత్రం హిమాలయాల చెట్టు, దానికి అక్షతలు వేసుకోండి, స్వామి ఏమీ అనుకోడు. ఊరంతా ఓ చుట్టు చుట్టి వస్తే గానీ పీట ముందు కూచునే అర్హత రాదన్నట్టు పెట్టారు ఈ పూజని, అదీ శ్రావణం వానలకి బీళ్ళన్నీ పచ్చబడ్డాక భాద్రపదంలో. పైగా చీకటిపడ్డాక చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదంటారు పెద్దలు, అంటే పొద్దుండగానే లాప్‌టాప్ మూసి లేవాల్సిందే. మరి రాత్రి పదకొండింటికి వచ్చిన ఆ ప్యాకెట్ ఎవరు ఎప్పుడు కోశారో ఆ గణపతికే తెలియాలి.

ఈ 21లో నాకు ప్రాణం గరిక. అనలాసురుణ్ణి మింగిన స్వామి తాపం గరికతో చల్లారిన కథ మీ అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం. మహానారాయణోపనిషత్తులో దూర్వా మంత్రాలున్నాయి చూడండి, దూర్వా అంటే మన గరికే, అవి నన్ను వదలవు.

కాండాత్కాండాత్ప్రరోహంతీ పరుషః పరుషః పరి
ఏవా నో దూర్వే ప్రతను సహస్రేణ శతేన చ

కణుపు కణుపునా నువ్వు ఎలా చిగురిస్తావో మమ్మల్నీ అలాగే వందలుగా వేలుగా పెంచవమ్మా అని అడుగుతున్నాడు ఋషి, ఎవర్ని? మర్రినో రావినో కాదు, కాలికింద గడ్డిపోచని! గరిక తీగ ఒకటి పట్టుకుని మెల్లగా లాగి చూడండి, ఒక్కపెట్టున రాదు, పట్టుపట్టుకీ ఆగుతూ వస్తుంది, ఎందుకంటే నేల తగిలిన కణుపు దగ్గరల్లా కింద దారాల్లాంటి తెల్లటి వేళ్ళు, పైన లేత చిగురు. రాయి అడ్డమొచ్చి గాల్లో తేలిన కణుపుకి మాత్రం వేళ్ళు దిగవు. దీన్నే శతమూలా శతాంకురా అన్నారు, నూరు వేళ్ళు, నూరు చిగుళ్ళు, అందులో మూలమే ముందు. మనకేమో చిగుళ్ళే కావాలి, జీతంలో హైక్ కావాలి, ప్రమోషన్ కావాలి, వైట్‌ఫీల్డ్‌లో ఇంకో ఫ్లాటు కావాలి. ఫ్లాటు నుంచి బేస్‌మెంట్‌కి లిఫ్టు, అక్కణ్ణుంచి కారు, దిగితే మళ్ళీ ఆఫీసు బేస్‌మెంటు, వారం గడిచినా అరికాలికి మట్టి తగలదు, ఎదుగుదల మాత్రం కావాలంటే ఎక్కణ్ణుంచి వస్తుందండీ? ఆ దూర్వా మంత్రాల్లోనే గరికని దుస్స్వప్ననాశినీ అని కూడా పిలిచారు. కలలో కూడా మీటింగులే వచ్చే మనబోటివాళ్ళ కోసమే చెప్పారేమో అనిపిస్తుంది నాకు.

ఆ వెంటనే వచ్చేది భూమి మంత్రం. "అశ్వక్రాంతే రథక్రాంతే విష్ణుక్రాంతే వసుంధరా, శిరసా ధారయిష్యామి రక్షస్వ మాం పదే పదే." నిన్ను నెత్తిన పెట్టుకుంటాను, అడుగడుగునా కాపాడు తల్లీ అని. గరిక తర్వాత మట్టి, ఆ వరసే ఎంత బావుందో.

ప్రకృతి అంటే శనివారం తెల్లారకుండానే నంది హిల్స్‌కి బయల్దేరి కార్ల వరసలో ఇరుక్కుని, పైకెళ్ళాక ఓ రీల్ తీసుకుని దిగిపోవడం కాదు. పోయినేడు గౌరీ హబ్బ, అంటే చవితి ముందురోజు కన్నడిగులు చేసుకునే గౌరీ పండగ, ఆ సాయంత్రం మా అమ్మాయిని మా లేఅవుట్ చివర ఖాళీ సైటులోకి తీసుకెళ్ళాను. అక్కడ ఆవుల్ని మేపుకునే అజ్జి, అదే అవ్వ, ఒకావిడ "గరికె బేకా" (గరిక కావాలా) అంటూ మాతోపాటు వంగింది, ఇది ఉత్తరాణి, ఇది ఎక్క అని కన్నడంలో ఆవిడ, ఉత్తరేణి, జిల్లేడు అని తెలుగులో నేను, మధ్యలో పిల్ల రెండూ అప్పజెప్పడం. ఇంటికొచ్చేసరికి దాని లెగ్గింగ్స్ నిండా ఉత్తరేణి గింజలు ముళ్ళలా పట్టుకుని ఉన్నాయి, మెట్ల మీద కూచుని ఒక్కొక్కటీ పీకింది, ట్యాబ్ అడగలేదు.

అమ్మా అయ్యా, ఈసారి ఆ ప్యాకెట్ మానెయ్యండి. 21 దొరక్కపోతే అయిదే తెండి, మిగతావాటికి అక్షతలున్నాయి. లాల్‌బాగ్‌లోనూ చెరువు పార్కుల్లోనూ కొయ్యొద్దు, అక్కడ చూసి రండి చాలు. కొమ్మలు విరవకండి, ఒక్కో చెట్టుకి రెండాకులు. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి గానీ ఉమ్మెత్త విషం, నోట్లో పెట్టుకోనివ్వకండి, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, అది మీరే కొయ్యండి. ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడిగించండి.