రెండున్నర లక్షల చిట్టీ డబ్బుతో ఐదుగురం ఏ దేశానికి వెళ్లాలి?

నేను జడ్చర్ల దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచరును. మా వారికి మహబూబ్‌నగర్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. 2024 డిసెంబరులో చిట్టీ ముగిసి రెండున్నర లక్షలు చేతికి వచ్చినప్పుడు, ఆ డబ్బును బంగారంలో పెట్టకుండా, ఇంటిల్లిపాదీ ఒక్కసారైనా దేశం దాటి చూసి రావాలని అనుకున్నాం. వెళ్లేది ఐదుగురం: మేమిద్దరం, అరవై ఎనిమిదేళ్ల అత్తమ్మ, పదో తరగతి రాయబోతున్న అమ్మాయి, పదకొండేళ్ల అబ్బాయి. మన బడులకు 2025 వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు ఇచ్చారు. ఏప్రిల్ చివర కొన్ని పనులు మిగిలి ఉంటాయి కనుక మాకు దొరికేది మే నెల ఒక్కటే. అది తేలడానికి ఒక్క పూట పట్టింది. ఏ దేశమన్నది తేలడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

మొదట్లో నేను కూడా అందరిలాగే విమానం టికెట్టు ధరలే చూశాను. రోజూ రాత్రి ఫోన్‌లో ఏ ఊరికి ఎంత ఉందో చూడడం, తక్కువ కనిపించిన చోటికి మనసు పోవడం. సంక్రాంతి సెలవుల్లో ఒక పొడుగు నోట్‌బుక్ తీసి, ఒక్కో దేశానికి ఒక్కో పేజీ కేటాయించి, ప్రతి ఖర్చునూ ఐదుతోనూ, ఉండే రాత్రుల సంఖ్యతోనూ హెచ్చవేసి చూసిన తర్వాతే అసలు లెక్క తెలిసింది. టికెట్టు ఖర్చు ఒక్కసారితో పోతుంది. గది, బండి, తిండి, ప్రవేశ రుసుములు ప్రతి రోజూ ఐదుగురికీ పెరుగుతూనే ఉంటాయి.

అత్తమ్మ మొదట కోరింది నేపాల్. పశుపతినాథుణ్ణి చూడాలని ఆమెకు ఏనాటి నుంచో ఉంది. అక్కడికి మనకు వీసా లేదు, పెద్దవాళ్లకు ఓటరు కార్డున్నా సరిపోతుంది, మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలన్న మారకం స్థిరంగా ఉంటుంది. కాగితం మీద ఇంతకన్నా సులువైన దేశం లేదు. కానీ మాకు దొరికిన టికెట్లు ఢిల్లీ మీదుగా పోయేవి, మే నెలలో వాటి ధరలు మండిపోతున్నాయి. సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి సునౌలీ దగ్గర సరిహద్దు దాటవచ్చు గానీ, ఆ ఎండల్లో ఆమెను అంత దూరం కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. నేపాల్ దాకా వెళ్తే ముక్తినాథ్ చూడకుండా రావడం ఉండదు, అదేమో 3,700 మీటర్లకు పైన ఉంది. బీపీ చూసే డాక్టరు వద్దన్నారు.

భూటాన్ పేజీ తొందరగానే మూసేశాను. అక్కడ భారతీయులు తలకు రాత్రికి 1,200 రూపాయల రుసుము కట్టాలి, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు సగం. మా ఐదుగురికి రాత్రికి 5,400, ఐదు రాత్రులకు 27,000. గది అద్దె, భోజనం ఇంకా మొదలే కాలేదు. అడవులను అంత శ్రద్ధగా కాపాడుకునే దేశం ఆ రుసుము తీసుకోవడం న్యాయమే, కానీ మా చిట్టీ దానికి చాలదు.

మా వారి మొగ్గు మలేషియా వైపు ఉండేది. భారతీయులకు 2023 డిసెంబరు నుంచి వీసా లేకుండా ముప్పై రోజులు ఉండనిస్తున్నారు, శంషాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. కానీ పిల్లలకు లంకావి దీవి కావాలి. దానికి కౌలాలంపూర్ నుంచి ఐదుగురికీ మళ్లీ విమానం. అక్కడి బటు కేవ్స్ గుహల్లోని మురుగన్ గుడికి 272 మెట్లని చెప్పగానే అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని, "గట్లైతే నన్నెందుకు తీస్కపోతరు బిడ్డా, మీరే పోయి రాండి" అంది. ఆమెను ఇంట్లో వదిలి వెళ్లే ప్రయాణం నాకు అక్కర్లేదని అక్కడే చెప్పేశాను. థాయిలాండ్‌కూ అప్పట్లో వీసా అవసరం లేదు, కానీ పిల్లలు అడిగిన ఫుకెట్ వైపు మే నుంచే వానలు మొదలవుతాయి. వియత్నాం మీద నాకు చాలా ఆశ ఉండేది; ఈ-వీసాకు తలకు 25 డాలర్లు, అది పెద్ద భారం కాదు. అయితే అక్కడ చూడవలసినవి ఆ పొడుగాటి దేశమంతా పరుచుకుని ఉన్నాయి, ఐదు రాత్రుల్లో సగం ప్రయాణాలకే పోతుంది.

శ్రీలంక పేరు వచ్చింది పిల్లల నోట కాదు, నా నోట కాదు. ఒక ఉదయం అత్తమ్మ దీపం పెడుతూ అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం చదువుకుంటోంది. ఆ శ్లోకంలో మొదటి పేరే లంకలోని శాంకరీదేవి. మన అలంపురం జోగులాంబ పేరు కూడా అందులోనే వస్తుంది. జోగులాంబను ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. ఆ రోజు వంటింట్లో నిలబడి విన్నాక వెళ్లి కొత్త పేజీ తీశాను. శాంకరీపీఠంగా కొలిచే చోటు తూర్పు తీరంలోని ట్రింకోమలీలో, కోణేశ్వరస్వామి ఆలయం పక్కనే ఉంది. హైదరాబాద్ నుంచి కొలంబోకు నేరుగా విమానం ఉంది, మన రూపాయికి అప్పుడు వాళ్లవి దాదాపు మూడున్నర రూపాయలు, ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు.

ఇక్కడే ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గరికి వెళ్లాం. తలకు 42,000, ఐదుగురికి 2,10,000 అన్నాడు; క్యాండీ, నువారా ఎలియా, బెంటోటా, కొలంబో, మే ఆఖరి వారం. అడ్వాన్సు ఇవ్వబోతుంటే, జీఎస్టీ 5 శాతం, దాని మీద టీసీఎస్, అంటే అమ్మేవాడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, 5 శాతం అదనమని చిన్నగా చెప్పాడు. అంటే ఇరవై వేలకు పైగా. పది లక్షల లోపు విదేశీ ప్యాకేజీకి ఆ ఏడాది టీసీఎస్ 5 శాతమే, రిటర్ను వేసినప్పుడు దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు గానీ, ముందైతే చేతి నుంచి పోవాల్సిందే. టికెట్టు, గది మనమే విడివిడిగా తీసుకుంటే ప్యాకేజీ టీసీఎస్ పడదు. అంతకన్నా నన్ను బాధపెట్టింది వేరే విషయం. శ్రీలంకకు రెండు రుతుపవనాలు. నైరుతి మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి తీరాన్నీ, కొండల పడమటి వాలునూ తడుపుతుంది; తూర్పు తీరానికి వాన ప్రధానంగా ఈశాన్య రుతుపవనంతో, అక్టోబరు తర్వాత వస్తుంది. బెంటోటా ఉన్నది నైరుతి తీరంలో. మే ఆఖర్లో అక్కడ గదులు చవకగా దొరికేది ఆ వాన వల్లనే. ఈ మాట అతను చెప్పలేదు. తొమ్మిదో తరగతికి రుతుపవనాల పాఠం చెప్పే నేను కూడా ధర చూసి ఆ సంగతి మరిచాను. అడ్వాన్సు ఇవ్వకుండా లేచి వచ్చి, ట్రింకోమలీ, సిగిరియా, క్యాండీ, ఈ మూడే పెట్టుకుని నేనే తేదీలు వేశాను. మే 12న వెసాక్, అంటే బుద్ధ పౌర్ణమి, అప్పుడు ఆ దేశమంతా పండుగ రద్దీ; అది పోయాక, వానలు ముదరక ముందు, 17 నుంచి 22 వరకు.

ఇవన్నీ చూస్తుండగానే పాస్‌పోర్టుల పని నడిచింది. దీన్ని ముందే మొదలుపెట్టడం మా అదృష్టం. అత్తమ్మ ఆధార్‌లో ఇంటిపేరు స్థానంలో ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఉండకూడదు, పూర్తి పేరు ఉండాలి. ఆధార్ సరిచేయించుకుని మళ్లీ స్లాట్ తీసుకునేసరికి ఐదు వారాలు. మహబూబ్‌నగర్ పోస్టాఫీసులోని పాస్‌పోర్టు కేంద్రంలో ఆమె వేళ్ల గీతలు యంత్రానికి ఒక పట్టాన అందలేదు. చిన్నప్పటి నుంచి పత్తి ఏరిన వేళ్లు, అరిగిపోయి నున్నగా ఉన్నాయి. అక్కడి అమ్మాయి ఓపికగా తడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలునూ నొక్కి పట్టుకుని నాలుగోసారికి తీసింది. అరవై దాటినవారికి రుసుములో పది శాతం తగ్గింపు, 1,350 కట్టాం. అబ్బాయికి 1,000. అమ్మాయికి పదిహేను నిండాయి కనుక 1,500 కట్టి పదేళ్ల పాస్‌పోర్టే తీసుకున్నాం. మా వారికి పాత పాస్‌పోర్టు ఉందన్న ధీమాతో ఉన్నాం, తీసి చూస్తే ప్రయాణం నాటికి నాలుగు నెలల గడువే మిగులుతోంది. ఆరు నెలలు ఉండాలి కనుక అదీ కొత్తది చేయించాం. నాది ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి శాఖకు ముందుగా తెలియజేసిన లేఖ జతచేసి పాస్‌పోర్టుకు పెట్టుకున్నాను. విదేశీ ప్రయాణానికి అనుమతి వేరుగా, హెడ్మాస్టరు గారి ద్వారా పైకి పంపాలి. ఉపాధ్యాయ మిత్రులు ఇది మరవవద్దు. నా ఫైలు తిరిగి రావడానికి నెలన్నర పట్టింది, అది వచ్చేదాకా నేను టికెట్లు కొనలేదు.

చివరికి నోట్‌బుక్‌లో వేసిన అంచనా ఇది: ఐదు టికెట్లు 1,05,000, డ్రైవరుతో సహా వ్యాను ఆరు రోజులకు 39,000, రెండేసి గదులు ఐదు రాత్రులు 35,000, భోజనం 25,000, ప్రవేశ టికెట్లు 15,000, బీమా 3,000. మొత్తం 2,22,000. మిగిలిన ఇరవై ఎనిమిది వేలు చేతి ఖర్చుకు ఉంచుకున్నాం. పాలమూరు వాళ్లకు ఒక సౌకర్యం ఉంది, నగరంలోకి దిగే పని లేకుండా జాతీయ రహదారి 44 మీద షాద్‌నగర్ దాటితే చాలు, శంషాబాద్ వచ్చేస్తుంది.

అనుకున్న దానికన్నా ఖర్చు పదకొండు వేలు పెరిగింది. కారణం నా పొరపాటే: సిగిరియా కొండకోటలో మనలాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాల వారికి ఇతర విదేశీయులకన్నా తక్కువ టికెట్టు ఉంటుంది, కానీ పాస్‌పోర్టు చూపాలి. మా పాస్‌పోర్టులు గదిలో ఉన్నాయి. నలుగురికీ పూర్తి ధర కట్టాను. అత్తమ్మ కొండ ఎక్కలేదు, కింద చెట్టు నీడన కూర్చుంది. మిగతా పెరుగుదల కొబ్బరి బోండాలకు, క్యాండీలో అమ్మాయి కొన్న బట్టలకు పోయింది. పెద్ద దుకాణాల్లో మన యూపీఐ పనిచేసింది, వ్యాను అతనికి మాత్రం నగదే ఇవ్వాల్సి వచ్చింది.

ట్రింకోమలీలో వాన చుక్క పడలేదు. కోణేశ్వరం వెళ్లాలంటే ఫ్రెడరిక్ కోట లోపలి నుంచి పోవాలి. ఆ దారిలో చుక్కల జింకలు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి. కొండ కొస దాకా బండి పోదు, మిగిలిన ఎత్తు అత్తమ్మ నా భుజం పట్టుకుని, మూడు చోట్ల ఆగి ఎక్కింది. శాంకరీదేవి ముందు నిలబడి శ్లోకం మొదటి నుంచి చదివింది. అలంపురం పేరు దగ్గరికి వచ్చినప్పుడు నా వైపు తిరిగి చూసి, మళ్లీ కళ్లు మూసుకుంది. మేము 22న తిరిగి వచ్చాం, 24న నైరుతి రుతుపవనం కేరళను తాకింది.