తక్కువ బిగువు తీగలకు మారిన నా డబుల్ బేస్: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు

ఏప్రిల్

నా డబుల్ బేస్ (వయొలిన్ జాతిలో అన్నిటికంటే పెద్దదైన మంద్రవాద్యం) 3/4 సైజుది. నట్ (మెడ పైకొనన తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి (వాద్యం పై పలక మీద తీగలను మోసే చెక్క) వరకు తీగ పొడవు 105 సెంటీమీటర్లు. వాద్యంతో పాటు వచ్చిన మధ్యరకం బిగువు ఉక్కు తీగలే ఇప్పటికీ దానిపై ఉన్నాయి. ఇటువంటి తీగ ఒక్కొక్కటి సుమారు 30 కిలోల బరువుతో లాగుతుంది కనుక, నాలుగూ కలిసి 120 కిలోల లాగుడు వాద్యంపైన ఉంటుంది. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలోని మా ఇంట్లో సాయంత్రం గంటసేపు వాయించేసరికి ఎడమచేతి బొటనవేలి మొదట్లో నొప్పి పుడుతోంది. కుడిచేతి చూపుడువేలు కూడా మీటి మీటి కందిపోతోంది. మెత్తని తీగలు వేయాలని నిశ్చయించుకున్నాను.

అయితే బరువుగా తోచే ప్రతి తీగా బిగువు వల్లనే బరువు కాదు. నట్ ఎత్తుగా ఉంటే, దాని పక్కనే పలికే మొదటి స్వరాలను నొక్కడానికి ఎంత మెత్తని తీగైనా చేతిని అలసిపోయేటట్లు చేస్తుంది. నట్ దగ్గర ఫింగర్‌బోర్డుకూ (తీగలను వేళ్లతో అదిమే పలక) తీగకూ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. నా వాద్యంలో మూడు కార్డులు దూరాయి. నగరంలో వయొలిన్లు బాగుచేసే ఒక పెద్దాయన చేత నట్ గాడులను అరగదీయించాను. తరువాత, ఫింగర్‌బోర్డు చివర అన్నిటికంటే సన్నని జి తీగ కింద 8, అన్నిటికంటే లావైన ఇ తీగ కింద 11 మిల్లీమీటర్లు ఉన్న ఎత్తును బ్రిడ్జి కాళ్లలోని తిరుగుడు చక్రాలతో 6.5కూ 9.5కూ దించాను. నొప్పి స్పష్టంగా తగ్గింది. తీగలు కొనదలచినవారు ముందు ఈ రెండు పనులూ చేయించుకోవాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే బేస్ తీగల ధర వయొలిన్ తీగల ధరకు ఎన్నో రెట్లు.

మే

ఖర్చు లేకుండా చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. పొడవూ మందమూ మారని తీగలో బిగువు శ్రుతి పౌనఃపున్యపు వర్గానికి (స్క్వేర్‌కు) అనుగుణంగా మారుతుంది. కనుక నాలుగు తీగలనూ అర స్వరం దించితే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. పూర్తి స్వరం దించితే 20 శాతానికి కాస్త పైగా తగ్గుతుంది. ఉన్న తీగలనే అలా దించి కొన్నాళ్లు వాయిస్తే, ఎంత మెత్తదనం తనకు సరిపోతుందో చేతికే తెలుస్తుంది.

అర స్వరం దించినప్పుడు ఎడమచేయి తేలికపడింది. నాదంలోని గాంభీర్యం మాత్రం చెడలేదు. పూర్తి స్వరం దించిన తరువాత ఇ తీగ ఊపు పెరిగి ఫింగర్‌బోర్డుకు తగిలి జుర్రుమనసాగింది. గట్టిగా మీటినప్పుడు స్వరం మొదట పైకి జరిగి ఆపైన నిలిచింది. కమాను కింద తీగ నలిగినట్లు పలికింది. సోలో వాదనకు పూర్తి స్వరం పైకి శ్రుతి చేసే తీగలను కొని మామూలు శ్రుతికి దించి వాడే పద్ధతి చాలామందిలో ఉన్నా, అందులో దక్కేది దాదాపు ఇంతే తగ్గుదల కనుక దానిని పక్కన పెట్టాను. నాకు కావలసింది పది పన్నెండు శాతం.

జూన్

ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్‌తో పేరు తెచ్చిన విజయనగరం పొరుగునే ఉన్నందున మన ప్రాంతంలో వయొలిన్ తీగలకు కొదవ లేదు. బేస్ తీగలు మాత్రం నేను అడిగిన దుకాణాల్లో దొరకలేదు. తెప్పించుకునేవాడికి చేత్తో తాకి చూసే వీలుండదు కనుక కాగితం మీదే తేల్చుకోవాలి.

కిలోల లెక్క ఒక్కటే చూస్తే చాలదు. బిగువు సమానంగా ఉన్న రెండు తీగల్లో సాగే గుణం ఎక్కువగా ఉన్నది వేలికి మెత్తగా తగులుతుంది, లోపల గట్టి ఉక్కు ఉన్నది మొండిగా తగులుతుంది. జంతువుల పేగుతో చేసే పాతకాలపు తీగలకు ఇష్టులు ఎందరో ఉన్నారు గానీ, పేగు తేమను పీల్చుకుని శ్రుతి తప్పుతుంది. సముద్రానికి ఇంత దగ్గరలో, అందులోనూ వానాకాలంలో, అది నిలకడగా ఉండదు. తీగను ఫింగర్‌బోర్డుకు కొట్టి వాయించే స్లాప్ వాదకులు ఇష్టపడే ఇన్నోవేషన్ సిల్వర్ స్లాప్ వంటి సింథటిక్ తీగలు చాలా మెత్తనివే అయినా కమానుకు సరిగా లొంగవు. ఫ్రాన్సులో సవరెజ్ సంస్థ చేసే కొరెల్లి తీగలు తక్కువ బిగువువి, కమానుకు త్వరగా పలుకుతాయి; ప్రధానంగా కమానుతో వాయించేవారు వాటినే ముందుగా చూడాలని నా అభిప్రాయం.

నా వాదనలో మీటుడే ఎక్కువ. అందువల్ల ఇ, ఎ తీగలకు వియన్నాలోని థోమాస్టిక్ సంస్థ చేసే స్పిరోకోర్ వైఖ్ (జర్మన్‌లో ‘మెత్తని’) రకాన్ని ఎంచుకున్నాను. పేనిన ఉక్కు గుండె (తీగ లోపలి భాగం) మీద క్రోమియం చుట్టిన తీగ కావడం వల్ల దీనికి తేమ బాధ తక్కువ. నాదం చాలాసేపు నిలుస్తుంది. ఇదే రకం పై తీగల్లో నా చెవికి కాస్త పదునుగా వినిపించడంతో డి, జి తీగలకు పిరాస్ట్రో వారి సింథటిక్ గుండె గల ఎవా పిరాజీ వైఖ్ తీసుకున్నాను. ఈ రెండు రకాలనూ విడివిడి తీగలుగా కొనవచ్చు.

జులై

తీగలను ఒక్కొక్కటిగా మాత్రమే మార్చాలి. నాలుగూ ఒకేసారి వదులు చేస్తే బ్రిడ్జి జారుతుంది. లోపల జిగురు లేకుండా కేవలం ఒత్తిడితో నిలిచి ఉండే సౌండ్ పోస్ట్ అనే చెక్క పుల్ల పడిపోవచ్చు. శ్రుతి ఎక్కించేకొద్దీ బ్రిడ్జి పైభాగం నట్ వైపు వంగుతుంది కనుక, కొద్దికొద్దిగా బిగిస్తూ, టెయిల్‌పీస్ (తీగల కింది కొనలను పట్టి ఉంచే భాగం) వైపు ఉన్న బ్రిడ్జి ముఖం నిటారుగా ఉందో లేదో ప్రతిసారీ చూసి రెండు చేతులతో సర్దాను.

సింథటిక్ తీగలు ఉక్కు తీగల కంటే లావు. పాత గాడుల్లో అవి ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న తీగ శ్రుతి ఎక్కదు, పై చుట్టు కూడా దెబ్బతింటుంది. గుండ్రని సన్నని ఆకురాయితో డి, జి గాడులను వెడల్పు చేయించాను. గాడి అడుగు గుండ్రంగా ఉండాలి, తీగ మందంలో సగానికి మించి లోపలికి దిగకూడదు. పెన్సిల్ ముక్కు గాడిలో రుద్దితే తీగ నునుపుగా జారుతుంది.

ఆగస్టు, సెప్టెంబరు

స్పిరోకోర్ తీగలు రెండు మూడు రోజుల్లోనే నిలదొక్కుకున్నాయి. ఎవా తీగలు సాగుతూ పోయి, స్థిరపడడానికి రెండు వారాల దాకా తీసుకున్నాయి. ఇప్పుడు గంటన్నర వాయించినా బొటనవేలు మొరాయించడం లేదు. ఎ నుంచి డి తీగకు మారేచోట మొదట్లో ధ్వని తేడా వినిపించేది. కుడిచేతిని డి తీగ మీద ఒక అంగుళం ఫింగర్‌బోర్డు చివరకు జరిపి మీటితే రెండూ కలిశాయి. కమాను విషయంలో పాత బరువు పనికిరాదు, చేతిని తేలిక చేసి కమానును కాస్త వేగంగా లాగాలి. దీర్ఘ స్వరాలతో ఆ అభ్యాసం సాగుతోంది.

వానలు ముదిరాక వాద్యం పై పలక తేమకు ఉబ్బి బ్రిడ్జిని పైకి నెట్టింది. జి తీగ ఎత్తు 7.5కు చేరింది. చక్రాలు తిప్పి 7 దగ్గర నిలిపాను. మెత్తని తీగకు ఊగడానికి పాత తీగ కంటే ఎక్కువ చోటు కావాలి కనుక ఇంతకంటే దించడం లేదు. డిసెంబరులో గాలి పొడిబారినప్పుడు పలక దిగి తీగలు ఫింగర్‌బోర్డుకు తగిలే అవకాశం ఉంది. అందుకని చక్రాల ప్రస్తుత స్థానాన్ని బ్రిడ్జి కాళ్ల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, నెలకొకసారి నాలుగు తీగల ఎత్తునూ కొలిచి రాసుకుంటున్నాను.