మందు పేరు తరువాత వచ్చే ప్రశ్న: ఫార్మసీ చదువులో నా అనుభవం

ఫార్మసీ డిగ్రీలో చేరేటప్పుడు ఈ చదువంతా జ్ఞాపకశక్తి మీదే నడుస్తుందని నేను గట్టిగా నమ్మాను. మందుల పేర్లు, వాటి వర్గాలు, మోతాదులు, దుష్ప్రభావాలు కంఠస్థం చేస్తే చాలు, మిగిలినది దానంతట అదే వస్తుందనుకున్నాను. మొదటి సంవత్సరం ఆ నమ్మకానికి దెబ్బ తగలలేదు; శరీర నిర్మాణ శాస్త్రమూ కర్బన రసాయన శాస్త్రమూ బట్టీ పట్టి గట్టెక్కాను. రెండవ సంవత్సరంలో, మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే ఫార్మకాలజీ వచ్చింది. ఆ పేపరు తప్పాను.

ఎందుకు తప్పానో వైవాలోనే, అంటే మౌఖిక పరీక్షలోనే, తెలిసిపోయింది. గుండె వేగాన్నీ రక్తపోటునూ తగ్గించే బీటా బ్లాకర్ల పేర్లు చెప్పమంటే ప్రొప్రానొలాల్ మొదలుకొని ఎనిమిది పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆస్తమా ఉన్నవారికి ప్రొప్రానొలాల్ ఇవ్వవచ్చా అని అడిగితే ఇవ్వకూడదన్నాను. “ఎందుకు ఇవ్వకూడదు?” అన్న తరువాతి ప్రశ్న దగ్గర ఆగిపోయాను. నోట్సులో ఎర్ర సిరాతో రాసుకున్న ‘ఆస్తమా – నిషిద్ధం’ అన్న మాటలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నాయి కానీ వాటి వెనక ఏముందో నోట రాలేదు. గుండెలో ప్రధానంగా బీటా-1 గ్రాహకాలు (హార్మోన్లు, మందులు వచ్చి అతుక్కునే చోట్లు) ఉంటాయని, శ్వాసనాళాల కండరాలలో బీటా-2 గ్రాహకాలు ఉంటాయని, ప్రొప్రానొలాల్ ఈ రెండు రకాలనూ అడ్డుకుంటుందని నాకు విడివిడిగా తెలుసు. గుండె కోసం వేసుకున్న మందు శ్వాసనాళాలను కూడా బిగించివేయగలదని, అటువంటప్పుడు ఊపిరి ఆడటానికి పీల్చే సాల్బుటమాల్ సైతం ఆశించినంత పని చేయదని ఆ మూడు ముక్కలనూ కలిపి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఫలితాలు వచ్చాక ఫార్మకాలజీ మేడం గదికి వెళ్లి ఎలా చదవాలో చెప్పమని అడిగాను. ఆవిడ నా నోట్సు తిరగేసి, “వారానికి రెండు మందులే చదువు. కానీ నోట్లో వేసుకున్న క్షణం నుంచి ఒంట్లోంచి వెళ్లిపోయే దాకా ఆ మందు వెంట నడు” అన్నారు. అంత నెమ్మదిగా చదివితే పాఠ్యాంశాలు ఎప్పటికి పూర్తవుతాయన్న భయం కలిగింది. అయినా వేరే దారి లేక ఒక కొత్త పుస్తకం తీసుకొని, మొదటి పుటలో గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్ పేరు రాశాను.

ఆ ఒక్క మందు నాకు నేర్పినది అంతకు ముందు ఏడాదంతా నేర్చుకున్న దానికంటే ఎక్కువ. మూత్రపిండాలు సవ్యంగా ఉన్నవారిలో డిగాక్సిన్ అర్ధాయువు, అంటే ఒంట్లోని మందు సగానికి తగ్గడానికి పట్టే కాలం, దాదాపు 36 నుంచి 48 గంటలు. రోజూ ఒకే మోతాదు ఇస్తూ పోతే రక్తంలో దాని స్థాయి నిలకడకు రావడానికి నాలుగైదు అర్ధాయువుల కాలం, అంటే సుమారు వారం రోజులు పడుతుంది. ప్రభావం త్వరగా కావలసినప్పుడు మొదటే కొంత పెద్ద మోతాదు ఎందుకు ఇస్తారో దీనితో తేలిపోయింది. ఆ మందు ఎక్కువ భాగం మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కనుక, అవి దెబ్బతిన్నవారిలో అదే మోతాదు రోజురోజుకూ పేరుకుపోయి విషమవుతుంది. మూత్రాన్ని పెంచి, దానితో పాటు పొటాషియంనూ బయటికి పంపే మందులతో కలిపి ఇచ్చేటప్పుడు పొటాషియం ఎందుకు చూడాలో కూడా అప్పుడే అర్థమైంది: గుండె కణాల మీద ఉన్న సోడియం-పొటాషియం పంపు దగ్గర డిగాక్సిన్‌కూ పొటాషియంకూ పోటీ ఉంటుంది, రక్తంలో పొటాషియం తగ్గితే డిగాక్సిన్ పట్టు పెరుగుతుంది. 1785లో విలియం విథరింగ్ అనే వైద్యుడు డిగాక్సిన్ వంటి మందులకు మూలమైన ఫాక్స్‌గ్లోవ్ మొక్క ఆకుతో తాను చేసిన చికిత్సల వివరాలు ప్రచురించినప్పుడు ఆయనకు గ్రాహకాలూ తెలియవు, అర్ధాయువూ తెలియదు. అయినా మూత్రపిండాల మీద గానీ, కడుపు మీద గానీ, నాడి మీద గానీ, పేగుల మీద గానీ మందు ప్రభావం కనిపించగానే ఇవ్వడం ఆపాలని రాశాడు. రోగిని అంత శ్రద్ధగా గమనించిన ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ ఎనలేని గౌరవం.

తప్పిన పేపరు సప్లిమెంటరీలో పాసయ్యాను. మార్కులు గొప్పగా ఏమీ రాలేదు కానీ ఈసారి రాసిన ప్రతి వాక్యం నాకు తెలిసే రాశాను.

మూడవ సంవత్సరంలో, మందుల తయారీ నేర్పే ఫార్మాస్యూటిక్స్ ప్రాక్టికల్స్ మరో వైపు నుంచి కళ్లు తెరిపించాయి. అప్పటి వరకు నా దృష్టిలో మాత్ర అంటే మందు, అంతే. పారాసెటమాల్ మాత్రల బ్యాచ్ తయారు చేయమన్నప్పుడు తెలిసింది, మాత్ర కూడా ఒక నిర్మాణమని. మా మొదటి బ్యాచ్ మాత్రలు డై అనే అచ్చు నుంచి బయటికి వస్తూనే పైపొర టోపీలా ఊడిపోయింది. దీన్ని క్యాపింగ్ అంటారు. మాత్రలుగా నొక్కబోయే పొడి గుళికలను ఓవెన్‌లో అవసరానికి మించి ఎండబెట్టామని, వాటిలో మిగలవలసిన కొద్దిపాటి తేమ కూడా పోయిందని తేలింది.

రెండవ బ్యాచ్ చూడముచ్చటగా వచ్చింది. నిమిషానికి 25 చుట్ల చొప్పున 4 నిమిషాలు తిప్పి మాత్ర ఎంత రాలిపోతుందో చూసే ఫ్రయబిలిటీ పరీక్షలో బరువు నష్టం 1 శాతం లోపే ఉంది. సంతోషంగా, మందు ఎంత కరుగుతుందో చూసే డిసొల్యూషన్ పరీక్షకు వెళ్లాం. పీహెచ్ 5.8 ఉన్న ఫాస్ఫేట్ బఫర్ 900 మిల్లీలీటర్లు, 37 డిగ్రీల వేడి, నిమిషానికి 50 సార్లు తిరిగే ప్యాడిల్. అరగంట గడిచాక నమూనా తీసి, వడగట్టి, పలుచన చేసి, కాంతి శోషణను కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 243 నానోమీటర్ల దగ్గర చూస్తే మందు సగమైనా కరగలేదు. లెక్క తప్పిందనుకొని మూడుసార్లు చేశాం, అదే జవాబు. గాజు పాత్ర అడుగున మాత్ర ఇంకా దాదాపు పూర్తి ఆకారంతో కూర్చొని ఉంది, దాని అంచుల నుంచి మాత్రమే సన్నని తెల్లని పొడి రాలుతోంది.

కారణం మా రికార్డులోనే దొరికింది. మిశ్రమం మాత్రను నొక్కే పంచ్‌లకు అంటుకోకుండా చివర్లో కలిపే మెగ్నీషియం స్టియరేట్‌ను మూడు నాలుగు నిమిషాలు కలిపితే సరిపోయేది. బాగా కలిస్తే ఇంకా మంచిదనుకొని మేము ఇరవై అయిదు నిమిషాలు కలిపాం. అది నీటిని దగ్గరికి రానివ్వని పదార్థం కావడం వల్ల ప్రతి గుళిక చుట్టూ పలుచని పొరగా పరుచుకొని నీటిని లోపలికి పోనివ్వలేదు. ఆ మాత్ర బరువు సరిగానే ఉంది, అందులో మందూ సరిగానే ఉంది, కానీ వేసుకున్నవారికి అందవలసిన వేళకు అందదు. ఆ పాత్ర ముందు నిలబడి ఉన్నప్పుడే ఈ వృత్తి మీద నాకు నిజమైన ఇష్టం కలిగింది.

ద్రవ ఔషధాల ప్రాక్టికల్స్‌కు ముందు 1937లో అమెరికాలో జరిగిన ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్ అనే ద్రవ మందు దుర్ఘటన గురించి చెప్పారు. మందులో దోషం లేదు. దాన్ని కరిగించడానికి డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషపూరిత ద్రావణిని వాడారు, విషమో కాదో పరీక్షించకుండానే అమ్మారు, వందమందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలు కూడా ఎందరో ఉన్నారు. అమ్మకానికి ముందే మందు భద్రతను నిరూపించాలనే చట్టం ఆ దేశంలో మరుసటి ఏడాది వచ్చింది. ఆ తరగతి తరువాత సీసా మీది లేబుల్ రెండుసార్లు చదవకుండా నేను ఏ ద్రావణినీ కొలవలేదు.

మోతాదుల లెక్కల గురించి ఎక్కువ రాయను, అవి కేవలం సాధనతో వచ్చేవి. దశాంశ బిందువు గురించి మాత్రం చెప్పాలి: 0.5 అని రాయవలసిన చోట ముందున్న సున్నాను వదిలేస్తే బిందువు కనబడక 5 అవుతుంది, 5 అని రాయవలసిన చోట 5.0 అని రాస్తే 50 అవుతుంది. రెండింటిలోనూ తేడా పది రెట్లు.

చివరి సంవత్సరం ఆసుపత్రి పోస్టింగులో నా పని కొత్తగా చేరిన రోగులు ఇంటి దగ్గర వాడుతున్న మందులను కేస్ షీటులోని మందులతో సరిచూడటం. మణికట్టు ఎముక విరిగి చేరిన ఒక పెద్దావిడ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నారు. షీటులో ‘10 మి.గ్రా., రోజుకు ఒకసారి’ అని ఉంది. ఆవిడ సంచిలోని పాత చీటీలో వారానికి ఒకసారి అని ఉంది. కీళ్లవాతానికి ఆ మందు వారానికి ఒక్కసారే ఇస్తారు. కణాలు విభజన చెందడానికి కావలసిన ఫోలేట్ అనే విటమిన్‌ను అది అడ్డుకుంటుంది కనుక రోజూ ఇస్తే ఎముకమజ్జలో రక్తకణాల తయారీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇదంతా నా పుస్తకంలో ఒక పుట నిండా రాసుకున్నదే. అయినా ఆ షీటు పట్టుకొని నిలబడినప్పుడు, నేను చూసినది నిజమేనా అని చేతులు వణికాయి.

సీనియర్ ఫార్మసిస్టుకు చూపించాను. ఆయన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదివి, వెంటనే డాక్టరుకు ఫోన్ చేశారు. అప్పటికి ఒక్క మోతాదు కూడా ఇవ్వలేదు. డాక్టరు వచ్చి షీటు సరిదిద్దారు. ఫార్మసిస్టు కోరిక మీద ‘వారానికి ఒకసారి’ అనడంతో ఊరుకోకుండా వారంలో ఏ రోజో కూడా రాశారు. తరువాత ఫార్మసిస్టు నన్ను ఆవిడ దగ్గరికి పంపి, మందు ఎప్పుడు వేసుకోవాలో నువ్వే చెప్పమన్నారు.

“అమ్మా, ఈ మాత్రలు మీరు ఏ రోజు వేసుకుంటారు?” అని అడిగాను. బుధవారం అన్నారు. ఇంకే రోజూ వేసుకోకూడదని, ఎవరైనా ఇవ్వబోయినా అడగాలని, నోటిపూత గానీ జ్వరం గానీ వస్తే ఆలస్యం చేయకుండా చెప్పాలని వివరించాను. ఆవిడ అంతా విని, నా పెన్ను అడిగి తీసుకొని, కట్టు లేని చేత్తో మందు పెట్టె మీద మెల్లగా ‘బుధవారం’ అని రాసుకున్నారు. రాశాక పెన్ను తిరిగి ఇవ్వకుండా, సంచిలోంచి, మెథోట్రెక్సేట్‌కు తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ పెట్టె కూడా బయటికి తీసి, “మరి ఇది ఏ రోజు, నాయనా?” అని అడిగారు.