చెప్పు జారినట్టు తెలుస్తోందా? – నీట్ పీజీకి న్యూరాలజీ నేను చదివిన పద్ధతి

ఇంటర్న్‌షిప్‌లో ఉండగా మెడిసిన్ ఓపీకి ఒక పెద్దావిడ వచ్చింది. "కాళ్ళు మొద్దుబారినయి నాయనా, నడుస్తుంటే చెప్పు జారిపోతోంది" అంది. నేను చీటీ మీద నీరసం అని రాసి బీ కాంప్లెక్స్ రాయబోయాను. పక్కనున్న పీజీ అక్క నన్ను ఆపి, "అమ్మా, చెప్పు జారినప్పుడు నీకు తెలుస్తోందా?" అని అడిగింది. "తెలవదు తల్లీ, ఎవరన్నా చెప్తే వెనక్కి తిరిగి చూసుకుంటా."

జారుతోందని తెలిసినా ఆపలేకపోతే పాదం కండరాల్లో బలం తగ్గినట్టు. తెలియకుండానే జారిపోతే పోయింది స్పర్శ. ఆవిడకు పదిహేనేళ్ళుగా షుగర్. పరీక్ష చేస్తే మోకాళ్ళ కింద దాకా మేజోళ్ళు తొడిగినట్టుగా స్పర్శ లేదు. ఒక్క ప్రశ్నతో అక్క సగం దారి నడిచేసింది.

ఇది నాకు అర్థమయ్యేసరికి నీట్ పీజీ (ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కోసం రాసే పరీక్ష) మొదటి అటెంప్ట్ అయిపోయింది. అప్పటిదాకా నేను న్యూరాలజీని, అంటే మెదడు, నరాల వైద్యాన్ని, జబ్బుల పేర్లుగా చదివాను. గిలాన్ బారే (ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే జబ్బు) అంటే ఆరు పాయింట్లు, మయస్థీనియా (వాడేకొద్దీ కండరాలు అలిసిపోయే జబ్బు) అంటే ఎనిమిది. పరీక్షలో పేరు ఇచ్చి లక్షణాలు అడగరు కదా, లక్షణాలు ఇచ్చి పేరు అడుగుతారు. 200 ప్రశ్నలకు మూడున్నర గంటలే కాబట్టి ఒక్కోదానికి దొరికేది నిమిషం పైన కాస్త. తప్పు పెడితే ఒక మార్కు పోతుంది. రెండోసారి నోట్‌బుక్‌లో పేజీని రెండుగా మడిచి, ఎడమవైపు పేషెంట్ మాట, కుడివైపు అది నాడీవ్యవస్థలో ఏ చోటుని చూపిస్తుందో రాసుకున్నాను. జబ్బు పేరు చివర్న, చిన్నగా రాసేవాణ్ణి.

"జడ వేసుకోలేకపోతున్నా, కింద కూర్చుంటే లేవలేకపోతున్నా" అంటే భుజాలు, తొడలు బలహీనం. ముందు కండరం జబ్బు గురించి ఆలోచించాలి. "అన్నం కలపలేకపోతున్నా, గుండీ పెట్టుకోలేకపోతున్నా" అంటే చేతి చివరి కండరాలు బలహీనం. "దూది మీద నడిచినట్టుంది, ముఖం కడుక్కుంటూ కళ్ళు మూస్తే ముందుకు తూలిపోతున్నా" అంటే వెన్నుపాము వెనకభాగపు దారులో, పెద్ద నరాలో దెబ్బతిన్నాయి. బీ12 లోపం గుర్తుకు రావాలి.

నేను ఎక్కువ రోజులు పెట్టింది "ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయాయి" అనే మాట మీద. మార్కులు ఎక్కువ పోగొట్టుకున్నదీ ఇక్కడే. విరేచనాలు తగ్గిన రెండు వారాలకు కాళ్ళ నుంచి పైకి బలహీనత, రిఫ్లెక్స్‌లు (మోకాలి కింద తడితే కాలు ఎగరడం లాంటివి) లేవు, మూత్రం బాగానే వస్తోంది అంటే గిలాన్ బారే. మొదటి వారంలో వెన్నునీరు నార్మల్‌గా ఉండొచ్చు. అది చూసి ఆ ఆప్షన్ కొట్టేశాను, తప్పయింది. బొడ్డు దగ్గర గీత గీసినట్టు కింద స్పర్శ లేకపోయి, మూత్రం రాకుండా బిగిస్తే దెబ్బ వెన్నుపాములో. తొలిరోజుల్లో స్పైనల్ షాక్ (దెబ్బ తగిలిన చోటికి కింద వెన్నుపాము కొన్నాళ్ళు మొద్దుబారిపోవడం) వల్ల అక్కడా రిఫ్లెక్స్‌లు రావు, కాబట్టి రిఫ్లెక్స్‌లను మాత్రమే నమ్ముకోకండి. పెళ్ళి భోజనం తిని పడుకున్న కుర్రాడు తెల్లారి కాళ్ళు కదపలేకపోయి, స్పర్శ మాత్రం మామూలుగా ఉంటే ముందు రక్తంలో పొటాషియం తగ్గిందేమో చూడాలి.

నాలుగోది కట్లపాము. మన పల్లెల్లో పుట్టిన ఎవరికైనా ఇది పుస్తకం అక్కర్లేకుండా తెలియాలి. నేల మీద పడుకున్న మనిషి, అర్ధరాత్రి కడుపునొప్పి, తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వచ్చి, తర్వాత ఊపిరి అందదు. బలహీనత పై నుంచి కిందికి దిగుతుంది. కాటు గుర్తు కనపడకపోవచ్చు, వాపూ ఉండదు. ప్రశ్నలో పాము అనే మాటే లేకపోయినా "నేల మీద నిద్ర" అని ఉంటే అక్కడ ఆగండి. నాగుపాము విషానికి నియోస్టిగ్మిన్ (నరం నుంచి కండరానికి వెళ్ళే సంకేతాన్ని బలపరిచే మందు) పనిచేసినట్టు దీనికి సరిగా పనిచేయదు, ఎందుకంటే కట్లపాము విషం ప్రధానంగా నరం చివరనే దెబ్బతీస్తుంది.

రెప్ప వాలిందంటే నా కళ్ళు వెంటనే కంటిపాప గురించిన వాక్యం కోసం వెతుకుతాయి. పాప పెద్దదైతే కంటిని కదిలించే మూడో నరం, చిన్నదైతే హార్నర్ (కంటికి వెళ్ళే సింపథెటిక్ నరం దెబ్బతినడం). పాప మామూలుగా ఉండి, "పొద్దున బాగుంటా, సాయంత్రానికి రెప్పలు వాలతాయి, అన్నం సగం తినేసరికి దవడలు అలిసిపోతాయి" అంటే మయస్థీనియా.

మూతి వంకర పోతే ఊళ్ళో అందరూ పక్షవాతం అంటారు. నుదురు ముడతలు పడుతోందా అన్నదే తేడా. నుదురుకి మెదడు రెండు వైపుల నుంచీ సంకేతాలు వస్తాయి కాబట్టి స్ట్రోక్‌లో అది కదులుతుంది. ముఖం నరమే దెబ్బతినే బెల్స్ పాల్సీలో నుదురూ కదలదు, కన్నూ మూసుకోదు, పుక్కిలిస్తే నీళ్ళు ఒక పక్కగా కారిపోతాయి. రెంటికీ గడియారం ముఖ్యమే. స్ట్రోక్‌లో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలు, బెల్స్‌లో స్టెరాయిడ్‌కి 72 గంటలు. ఇది మార్కుల కోసం మాత్రమే కాదు, రేపు క్యాజువాల్టీలో మన చేతిలోకి వచ్చే మనిషి కోసం కూడా నేర్చుకోండి.

వణుకుకి రెండు బొమ్మలు చాలు. టీ గ్లాసు నోటి దగ్గరికి తెస్తుంటే రెండు చేతులూ వణికితే ఎసెన్షియల్ ట్రెమర్. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని టీవీ చూస్తుంటే, అదీ ఒక వైపే వణికితే పార్కిన్సన్. కాకపోతే కదలికలు నెమ్మదించకుండా పార్కిన్సన్ అనకూడదు. మెట్లు దిగుతూ కిందికి చూడలేక మొదటి ఏడాదే పడిపోతుంటే అది పార్కిన్సన్‌లా కనిపించే వేరే జబ్బు, పీఎస్పీ (ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ).

తలనొప్పులు, ఫిట్స్ నాకు అంత కష్టం కాలేదు, మీకూ కాదు. కష్టమైంది "కళ్ళు తిరుగుతున్నాయి". తెలుగులో ఈ ఒక్క మాటకి మూడు అర్థాలున్నాయి. గది తిరగడం, కళ్ళు బైర్లు కమ్మడం, నడకలో తూలడం. వార్డులో ప్రతి పేషెంట్‌నీ ఈ మూడిట్లో ఏదో అడిగి చూడండి. పక్క మీద అటూఇటూ తిరిగితే కొన్ని సెకన్లు గది తిరిగి ఆగిపోతే భయం లేదు, డిక్స్ హాల్‌పైక్ (తల ఒక పక్కకి తిప్పి వేగంగా వెనక్కి పడుకోబెట్టి చూసే పరీక్ష) చేయండి. గంటల తరబడి ఆగకుండా తిరుగుతూ, హెడ్ ఇంపల్స్ టెస్ట్ (తల చటుక్కున పక్కకి తిప్పితే చూపు నిలుస్తుందో లేదో చూడటం) నార్మల్‌గా వస్తే మాత్రం ఊరట పడకండి. చెవి జబ్బైతే ఆ టెస్ట్ తేడాగా రావాలి. నార్మల్‌గా వచ్చిందంటే మెదడు వెనక భాగంలో స్ట్రోక్ ఉందేమో చూడాలి. పరీక్షకు వారమే మిగిలి ఉంటే ఒక సాయంత్రం దీనికే ఇవ్వండి. నేను ఇవ్వలేదు.