కొయ్యలకు అగ్గి పెట్టేదాకా రాకుండా

నవంబరులో మిర్యాలగూడ, హాలియా, నల్లగొండ చుట్టుపక్కల తెల్లారుజామున కనిపించేదంతా మంచే అనుకోకండి. మంచుకు వాసన ఉండదు. సాగర్ ఎడమ కాలువ కింద వానకాలం వరి కోసి, యాసంగి నాట్ల తొందరలో పొద్దుగూకే వేళ మడిలో మిగిలిన వరి కొయ్యలకు అగ్గి పెడతారు. చలి రాత్రుల్లో నేల త్వరగా చల్లారుతుంది. నేలను ఆనుకున్న గాలి బరువెక్కి కిందే ఉండిపోతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ ఆ మూత దాటలేదు. తాటిచెట్టు నడుము ఎత్తున అడ్డంగా కనిపించే తెల్లటి చార అదే. పొద్దెక్కి నేల కాగేదాకా చెదరదు. గాలి ఆడని రోజు, నల్లగొండలా గుట్టలు ఆనుకున్న ఊళ్లో ఇంకాసేపు నిలుస్తుంది. యాసంగి కోతలప్పుడు, ఏప్రిల్, మే నెలల్లో, పొగ తొందరగానే పైకి పోతుంది. కానీ అప్పటి మంట గట్టు మీది తాటిచెట్లను, బోరు స్టార్టరు డబ్బాను, పైపులను కూడా పట్టుకుపోతుంది.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి బాగుచేయాల్సిన నగరాల జాబితాలో నల్లగొండ కూడా ఉంది. రోడ్ల దుమ్ము, లారీలు, బాయిలర్ల పొగ కూడా ఉన్న మాట నిజమే. కానీ రైతు చేతిలో ఉన్నది మాత్రం గడ్డి పొగే.

టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 3 కిలోల సన్నటి రేణువులు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్ గాల్లో కలుస్తాయి. అదే టన్నులో 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. అంటే ముప్పావు బస్తా పొటాష్ ఎరువుకు పైనే. నత్రజని దాదాపు అంతా మంటలో పోతుంది. పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది గానీ, ఆ బూడిద గాలికి, మొదటి తడికి ఏదో ఒక మూలకు చేరుతుంది.

అగ్గి పెట్టాలా వద్దా అన్నది నిజానికి కోతకు ముందే తేలిపోతుంది. 10-15 రోజుల ముందు నీళ్లు ఆపకపోతే మడి ఆరదు, టైర్ల కోత మిషను దిగబడుతుంది. చైను మిషను తెస్తే గడ్డిని బురదలోకి తొక్కుతుంది. ఆ గడ్డిని కట్టలు కట్టే బేలర్ మిషను పళ్లు ఎత్తలేవు. ఎత్తినా కట్టలో మట్టి చేరి పశువులు ముట్టవు. ఇక అగ్గిపెట్టె తప్ప దారి లేదనిపిస్తుంది. కోత ఎత్తు కూడా ముందే మాట్లాడుకోండి: జానెడు దాటొద్దు. ఎత్తుగా కోస్తే గంట కిరాయి కాస్త మిగులుతుంది, తర్వాత ఆ కొయ్యలే మడి దున్నే రోటవేటర్‌కు చుట్టుకుంటాయి.

గడ్డికి రెండు మూడు ఎండలు తగలాలి. మంచు ఆరాక పిడికెడు గడ్డి తీసి మెలితిప్పండి. పుటుక్కున విరిగితే కట్టలు కట్టించవచ్చు. మెత్తగా వంగితే ఆగాలి, లేకపోతే కట్ట నడుమ వేడెక్కి బూజు పడుతుంది.

కట్టలు తీశాక మిగిలిన కొయ్యలకు నీళ్లు పెట్టి, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నాలి. అందులో 8 కిలోల భాస్వరం ఉంటుంది, డీఏపీ వేసేటప్పుడు అంత భాస్వరం తగ్గేలా చూసుకోండి. నాటుకు కనీసం 15-20 రోజులు వ్యవధి ఇవ్వాలి. అందరూ తప్పేది ఇక్కడే. గడ్డిని మురగబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందు తామే వాడుకుంటాయి. తొందరపడి నాటేస్తే పైరు పసుపు రంగుకు తిరిగి, పిలకలు వేయదు. తెగులనుకుని మందులు కొట్టడం దండగ. మడిలో అడుగు వేస్తే బుడగలు లేచి కుళ్లిన గుడ్డు వాసన వస్తోందా, ఒక మొక్క పీకి చూడండి. వేర్లు నల్లబడి ఉంటే నీళ్లు తీసేసి, సన్నటి నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టి, మళ్లీ నీళ్లు పెట్టి కొద్దిగా యూరియా వేయాలి. కాలువ చివరి ఆయకట్టు వాళ్లు తర్వాతి తడి ఎప్పుడో కనుక్కున్నాకే నీళ్లు తీయాలి.

గడ్డిని మురగబెట్టే సూక్ష్మజీవులుండే వేస్ట్ డీకంపోజర్ మందు కూడా పనికొస్తుంది. 200 లీటర్ల నీళ్లలో 2 కిలోల బెల్లం కరిగించి, ఆ మందు ఒక సీసా కలిపి, నీడలో ఉంచి, రోజూ రెండు పూటలా కర్రతో తిప్పితే వారంలో తయారవుతుంది. ఎండుగడ్డి మీద చల్లితే ఫలితం ఉండదు. నేలలో తడి ఉండాలి, పైన చెప్పిన గడువూ ఇవ్వాలి.

పొగ పట్టిన రోజుల్లో ఇంట్లో కిటికీలు సాయంత్రం మూసి, పొద్దెక్కాక తెరవండి. మధ్యాహ్నం గాలి అన్నిటికన్నా నయం. చీపురు బదులు తడిబట్ట వాడండి. గాల్లోని సన్నటి రేణువులకు (పీఎం 2.5) మన దేశంలో 24 గంటల హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15. ముక్కుకు దస్తీ కట్టుకుంటే దుమ్ము ఆగుతుంది గానీ ఈ సన్నటి రేణువులు ఆగవు, ఎన్95 మాస్కే కావాలి. ఆయాసం ఉన్న పెద్దవాళ్ల పొద్దుటి నడకను ఆ రెండు మూడు వారాలు సాయంత్రం నాలుగింటికి, మంటలు మొదలవకముందుకు, మార్చండి.